రేటింగు నువ్వు లేని గదిలో పడుతుంది

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. మీ మేనేజరు స్టాండప్‌లో అందరి ముందూ కసిరాడు, నువ్వు రాసిన మాడ్యూల్‌ని క్లయింట్ కాల్‌లో తన ఐడియాగా చెప్పుకున్నాడు, సోమవారం చెయ్యమన్న పనిని గురువారం నేనెప్పుడు చెప్పానన్నాడు. ఈ మూడూ ఒకటి కావు. మొదటిది నోటి దురుసు. తక్కిన రెండూ నీ రేటింగును తినేవి. ముందు వాటి సంగతి చూడు.

నేనూ మేనేజరుగా చేసినదాన్నే కాబట్టి లోపలి మాట చెబుతాను. సెల్ఫ్ అప్రైజల్లో నువ్వేం రాసినా, చాలాచోట్ల ఆఖరి రేటింగు తేలేది మేనేజర్లు కూర్చునే నార్మలైజేషన్ మీటింగులో. పై రేటింగు ఇంతమందికే అని కోటా. మైక్రోసాఫ్ట్ ఇలా ఉద్యోగుల్ని వరసకట్టే పద్ధతిని 2013లో వదిలేసింది. మన దగ్గర పేరు మార్చి నడిపిస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడ మీవాడు నోరు విప్పకపోతే పక్క టీం మేనేజరో, డెలివరీ హెడ్డో విప్పాలి. వాళ్లకి నీ పని తెలిసుండాలి.

అందుకే డిజైన్ నోటు నువ్వే రాసి, కోడ్ మొదలుపెట్టకముందే నీ పేరుతో మీ టీంకీ, పక్క టీంకీ పంపు. అతను నోటితో చెప్పినదాన్ని సాయంత్రంలోగా మెయిల్లో పెట్టు: "ఇందాక అనుకున్నట్టు పేమెంట్స్ ఆపి రిపోర్ట్స్ ముందు చేస్తున్నాను, మార్పుంటే చెప్పండి." అంతే. దెప్పిపొడుపు వద్దు. పైవాళ్లని సీసీలో పెట్టకు, అది కయ్యానికి కాలుదువ్వడమే. అదే మాట టికెట్‌లోనూ రాయి.

ఆఫీసు మెయిళ్లు సొంత జీమెయిల్‌కి మాత్రం పంపుకోకు. సాక్ష్యం కోసమని పంపుకుని, డేటా బయటికి పంపారన్న నేరం మీద ఇరుక్కున్నవాళ్లున్నారు. ఇంట్లో నోట్‌బుక్కులో తేదీ, జరిగింది, ఎదురుగా ఎవరున్నారో రాసుకో. హెచ్ఆర్ దగ్గర "ఎప్పుడూ ఇంతే" అంటే నిలవదు, తేదీలు నిలుస్తాయి. హెచ్ఆర్ వాళ్లు నీ పక్షమనుకోకు, వాళ్లకి జీతమిచ్చేది కంపెనీ. వెకిలి మాటో, వెకిలి చేష్టో అయితే ఈ లౌక్యం ఏదీ అక్కర్లేదు. పదిమంది లేదా అంతకు పైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెబుతోంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

ఇక ఆ నోటి దురుసు సంగతి. దాని వెనక రిలీజ్ తేదీ ఒత్తిడి ఉండొచ్చు, ఆ తేదీ అతను పెట్టింది కాకపోవచ్చు. సేల్స్ వాళ్లు క్లయింటుకి మాటిచ్చేసి అతని నెత్తిన పడేసి ఉంటారు. జాలిపడమని కాదు. శుక్రవారం పైవాళ్లు అతన్ని ఏం అడుగుతారో కనుక్కుని, గురువారమే అది చేతిలో పెట్టి చూడు. అరుపులు తగ్గితే సరే. తగ్గకపోతే ఆ మనిషి అంతే.

కోపంలో పేపర్లు పెట్టకు. మీది 90 రోజుల నోటీసు. ఆ మూడు నెలలూ అతని కిందే ఉండాలి, రిలీవింగ్ లెటర్ దాకా అతనితోనే పని. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చూద్దాం. ఈలోగా లోపలే వేరే ప్రాజెక్టు దొరుకుతుందేమో వాకబు చెయ్యి.

సెల్ఫ్ అప్రైజల్ నెలాఖరుకే అన్నావుగా. క్లయింట్ పేర్లు తీసేసి శనివారంలోగా నాకు చూపించు. "టీంకి సహాయపడ్డాను" లాంటి వాక్యాలుంటే ముందే కొట్టేసి పంపు. ఏ పని చేశావు, దానివల్ల ఎంత టైం తగ్గింది, ఎన్ని బగ్గులు పోయాయి, అవి కావాలి నాకు.

మీ పిన్ని