చదరంగపు అంత్యదశ – కంప్యూటరు పట్టికలు

చదరంగపు బల్లపై బలగము తరిగి, రెండు పక్షములకును కలిపి నాలుగైదు కాయలు మాత్రమే మిగిలినప్పుడు ఆట తేలికయైనదని చూచువారు తలంతురు. ఆడువానికి అసలు చిక్కు అప్పుడే మొదలగును. గత సంవత్సరము మన కళాశాల చదరంగపు గదిలో ఒక విద్యార్థి, తనకు శకటమును అంచు వరుస బంటును ఉండి, ప్రత్యర్థికి ఒంటరి రాజు మాత్రమే యుండగా, గెలువలేక తెల్లబోయెను. బంటు మంత్రిగా మారవలసిన మూలగడి ఒక రంగు, శకటము నడచు గళ్ళు మరియొక రంగు. నల్లరాజు ఆ మూలను విడువలేదు. ఆ స్థితిని ఒక పాత కంప్యూటరు ప్రోగ్రామునకు చూపగా, తెల్లపక్షమునకు గొప్ప ఆధిక్యము కలదని చెప్పినది! అది కాయల విలువలను కూడి అంచనా కట్టినది, అంతే. అంచనాకును నిశ్చయమునకును గల ఈ దూరమును తొలగించుటకే అంత్యదశ పట్టికలు పుట్టినవి.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఒక మాట: వారు రుఖ్ అనుదానిని మేము ఏనుగు అందుము, వారి ఫీల్ అనగా ఏనుగే యైనను, బల్లపై అది మా శకటము. ఇచ్చట తెలుగు పేర్లనే వాడుచున్నాను.

పట్టికను తయారుచేయు పద్ధతి తుదినుండి వెనుకకు నడచునట్టిది. మూడు కాయలను 64 గళ్ళలో ఉంచు విధములు 2,62,144. వంతు ఎవరిదను భేదమునుబట్టి అది రెట్టింపగును. చెల్లని స్థితులను త్రోసివేసి, ముందుగా ఆటకట్టయిన స్థితులనన్నిటిని యంత్రము గుర్తించును. పిదప, ఒక్క ఎత్తులో అట్టి స్థితికి చేర్చగలవానిని గెలుపులుగా వ్రాసికొనును. ఓడు పక్షము విషయమున నియమము వేరు. ఏ ఎత్తు వేసినను ప్రత్యర్థి గెలుపునకే దారితీయునప్పుడు మాత్రమే అది ఓటమి. తప్పించుకొను దారి ఒక్కటి యున్నను అట్లు వ్రాయరాదు. ఇట్లు మెట్టు మెట్టుగా వెనుకకు పోగా, చివరకు ఏ గుర్తును పడక మిగిలినవన్నియు డ్రాలు. ఇందు ఊహకు తావు లేదు. కాని కాయ ఒక్కటి చేరినంతనే లెక్క 64 రెట్లు పెరుగును. నాలుగు కాయలకు అది 1,67,77,216. ఐదింటికి 107 కోట్లు దాటును. జర్మనీలో థామస్ స్ట్రోలైన్ 1970లో తన పరిశోధనా గ్రంథమున ఈ మార్గముననే కొన్ని అంత్యదశలను సాధించెను.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన కెన్ థాంప్సన్ ఈ విద్యను లోకమునకు చూపినవాడు. ఏనుగుపై మంత్రి సులభముగా గెలుచునని అంతవరకు పుస్తకములు చెప్పుచుండెను. 1978లో వాల్టర్ బ్రౌన్ అను గ్రాండ్‌మాస్టరు పందెము కట్టి, థాంప్సన్ యంత్రమైన బెల్లేపై మంత్రి పక్షమున కూర్చుండెను. అది సరిగా ఆడినచో 31 ఎత్తులలో ఏనుగు చిక్కవలసిన స్థితి. యంత్రము ఏనుగును రాజునుండి దూరముగా నడిపించుచు, పుస్తకములు చదివిన ఆయనను కలవరపెట్టెను. 50 ఎత్తులు గడచెను, గెలుపు రాలేదు. బ్రౌన్ కొన్ని దినములు ఆ అంత్యదశను అభ్యసించి, తిరిగి వచ్చి, సరిగా 50వ ఎత్తున ఏనుగును చంపెను. ఓడిన పిదప మరల చదివి వచ్చిన ఆ గ్రాండ్‌మాస్టరు నాకు ఆ యంత్రముకంటె ఎక్కువ ప్రీతిపాత్రుడు.

1983లో మరియొక వింత జరిగెను. ఒక గుర్రముపై రెండు శకటములు సాధారణముగా గెలువలేవని క్లింగ్, హోర్విట్జ్ అను వారు 1851లో వ్రాసియుండిరి. నూరేండ్లకు పైగా పండితులు దానిని నమ్మిరి. అది సాధారణముగా గెలుపేయని, మిక్కిలి కఠినమైన స్థితిలో 66 ఎత్తులు పట్టునని థాంప్సన్ పట్టిక చూపినది. అయితే కాయ చావక, బంటు కదలక 50 ఎత్తులు గడచినచో డ్రా కోరవచ్చునను నియమము కలదు గదా! అంతర్జాతీయ సమాఖ్య కొంతకాలము కొన్ని అంత్యదశలకు గడువు పొడిగించి, 1992లో అన్నిటికిని 50నే నిలిపినది. గణితము గెలుపనును, నియమము డ్రా యనును. నేను నియమము పక్షమే. ఆడు మనుష్యులకు నిద్రయు భోజనమును కావలెను.

నేడు విరివిగా వాడబడునవి రోనాల్డ్ డి మాన్ 2013లో వెలువరించిన సిజిజీ పట్టికలు. ఐదు కాయల వరకు సుమారు ఒక గిగాబైటు. ఆరు కాయలకు 150 గిగాబైట్ల చేరువ. ఏడింటికి 17 టెరాబైట్లను మించును. స్టాక్‌ఫిష్ వంటి ఉచిత ప్రోగ్రామునందు, ఈ ఫైళ్ళున్న ఫోల్డరు చిరునామాను సెట్టింగులలో వ్రాసిన చాలును. ఫైళ్ళు రెండు తెగలు. మొదటిది గెలుపు, డ్రా, ఓటమి అని మాత్రమే చెప్పును. ఆలోచించునప్పుడు ప్రోగ్రాము దీనిని చూచును. రెండవది తరువాతి చంపుటకో బంటు కదలికకో ఎన్ని ఎత్తులు కలవో చెప్పును. ఫైళ్ళను నిదానపు డిస్కులో ఉంచినచో ప్రతి ప్రశ్నకును వేచియుండవలసి వచ్చి, ప్రోగ్రాము ఆలోచన కుంటుపడును. వేగవంతమైన డిస్కున నుంచుట మేలు. కోట కట్టు హక్కు మిగిలియున్న స్థితులు ఈ పట్టికలలో లేవు.

రెండవ తెగను నమ్మి ఆడు యంత్రము ఒక్కొక్కప్పుడు చేతిలోని కాయను ఊరకే ఇచ్చివేసినట్లు కనబడును. లెక్క తిరిగి సున్నకు వచ్చుటయే దానికి ముఖ్యము, గెలుపు చెడదు గనుక. విద్యార్థి అట్టి ఎత్తులను అనుకరింపరాదు. జాన్ నన్ 1992లో ఏనుగుల అంత్యదశలపై వ్రాసిన గ్రంథమునకు థాంప్సన్ పట్టికలే ఆధారము. ఆయన ఆ ఎత్తులను తిరిగి వ్రాసి ఊరకుండక, వానికి కారణములు వెదకెను. మనమును ముందు స్థితిని స్వయముగా ఆడి, ఎత్తులను కాగితముపై వ్రాసి, ఆ పిమ్మట పట్టికను అడుగవలెను. 12 ఎత్తుల గెలుపు 14 అయినందుకు చింత లేదు; గెలుపు డ్రాగా మారిన ఎత్తు క్రింద మాత్రము గీత గీసి, ఏల మారినదో మరునాడు స్నేహితునికి వివరింపవలెను. నేను చెప్పిన విద్యార్థి ఇట్లే చేసి, మూలగడి రహస్యమును ఒక్క సాయంకాలమున గ్రహించినాడు.

కళాశాల కమిటీ వారికి విన్నపము: చదరంగపు గదికి క్రొత్త యంత్రము అడుగుటలేదు. ప్రయోగశాలలోని ఒక కంప్యూటరున ఒక గిగాబైటు చోటును, వారమునకు రెండు సాయంకాలములును ఇప్పించిన, ఐదు కాయల పట్టికను మేమే ఎక్కించుకొందుము.