ఫ్లాపీలో దాచిన ప్రాణము

రాజమహేంద్రవరము



అబ్బాయీ, నీ యుత్తరము చేరినది. రెండేండ్లుగా రాత్రులు మేల్కొని నీవు కట్టుచున్న రోగ్‌లైక్ ఆట ఇంచుమించు పూర్తియైనదనియు, దానిలో సులభమార్గ మొకటి పెట్టిన యెడల ఆ జాతి ఆటలను నిష్ఠతో ఆడువారు నిన్ను వెలివేయుదురేమో యను శంకయు, పెట్టకున్న యెడల ఆడువారే కఱవగుదురేమో యను దిగులును నిన్ను పీడించుచున్నవనియు వ్రాసితివి. దీనికి బదులు వ్రాయ గూర్చుండగనే మొన్నటి సంక్రాంతికి మన వసారాలో జరిగిన ముచ్చట తలపునకు వచ్చినది. మీ చెల్లాయి హేడీస్ ఆటను తుదిదాక ఆడి గెలిచితినని సంబరముగా చెప్పినప్పుడు, నీవు తల యెత్తకుండగనే, "గాడ్ మోడ్ పెట్టుకొని ఆడితివి గదా, అదేమి గెలుపు? అయినను హేడీస్ అసలు రోగ్‌లైకే కాదు" అంటివి. ఆ పిల్ల పళ్లెములోని అరిసెను తుంపులు తుంపులుగా త్రుంచుచు మఱి నోరు విప్పలేదు. నేనును విప్పలేదు. నా మౌనమునకు కారణ మొకటి కలదు. దానిని ముందు ముందు చెప్పెదను.

రోగ్‌లైక్ ఆటల వంశమునకు మూలమైన రోగ్, 1980 ప్రాంతమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ శాఖలో చదువుచుండిన మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అను నిద్దఱు కుఱ్ఱల చేతిలో పుట్టి, టాయ్ బర్కిలీకి మారిన పిమ్మట, తెరమీద కోరిన చోట కోరిన యక్షరమును నిలుపు కర్సెస్ అను సాధనమును కూర్చిన కెన్ ఆర్నాల్డ్ సాయముతో పెరిగి, 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తోపాటు పెక్కు విశ్వవిద్యాలయములకు ప్రాకినది. వారి కోరిక మిక్కిలి చిన్నది. ఆ నాటి సాహసకథల ఆటలలో చిక్కుముడి నొకసారి విప్పినచో మఱల ఆడుటకు రుచి యుండదు. వ్రాసినవానికైతే మొదటిసారియు రుచి యుండదు, ముడి వేసినవాడు తానే కదా! తాము వ్రాసిన ఆటలో తామే త్రోవ తప్పి ఆశ్చర్యపడవలెనని వారు తలచిరి. అందులకే ఆడిన ప్రతిసారియు గుహలు క్రొత్తగా ఏర్పడును. నిన్న గాయము మాన్పిన ఎఱ్ఱని కషాయము నేడు కన్నులకు చీకట్లు క్రమ్మించును. తాళపత్రముల పేర్లు అర్థములేని అక్షరముల కలగలుపులై ప్రతి ఆటకును మారిపోవును. అనగా, నిన్నటి పాండిత్యము నేటికి సగమే పనికివచ్చును. ఈ వంశపు తొలి గ్రంథమే పండితుని తల వంచుటకై పుట్టినదని నీవు మఱువరాదు.

నీ చిన్నతనమున నానమ్మతో ఆడిన వైకుంఠపాళిని తలచుకొనుము. అందు పాము మ్రింగిన యెడల ఎవడును సిగ్గుపడడు, ఏలయన గవ్వలు వేసినది చేయియే గాని బుద్ధి కాదు. చదరంగమున ఓడినవానికి గవ్వలమీద నెపము వేయు వీలు లేదు. రోగ్ ఈ రెంటి నడుమ నిలిచినది. లోకమును గవ్వలు నిర్మించును, అడుగును బుద్ధి వేయును. ఇట్టి కూర్పులో చావు తిరుగులేనిది కాకున్న యెడల అడుగునకు బరువే యుండదు. దాచిన ఆటను మఱల తెఱచినంతనే ఆ దాచిన ప్రతిని చెఱిపివేయు నియమము ఇందులకే యేర్పడినది. అది ఆటగానిని హింసించుటకై కాదనియు, చేసిన పనికి ఫలము నిలిచియుండుటకై యనియు విక్‌మన్ తరువాతి కాలమున చెప్పియున్నాడు. ఈ మాట నీ గోడమీద వ్రాసిపెట్టుకొనినను నేను కాదనను.

ఇక నా కథ. 1987లో పై చదువునకై అమెరికా వెళ్లిన తొలి చలికాలమున, వేఱు కాలక్షేపము లేక, ప్రయోగశాల టెర్మినల్ ముందు రాత్రులు గడిపితిని. పచ్చని అక్షరముల చీకటి గుహలో @ అను గుఱుతు నేను. ఏ నుండి జెడ్ వఱకు ఇరువదియాఱు పెద్దక్షరములు నా శత్రువులు. 26వ అంతస్తున, గెలుచుటకు వెలికి తేవలసిన యెండర్ తాయెత్తు. అందఱు ఆడునది యొకే యంత్రముమీద గనుక, మొదటి పదిమంది పేర్లు ఆట ముగిసినంతనే తెరమీద కనబడుచుండెను. అబ్బాయీ, ఆ పట్టికలో పదియవ పేరుగా చేరిననాడు నాకు కలిగిన ఆనందము పరీక్షలలో ఎన్నడును కలుగలేదు. పదునొకండవవానిని చూచి కలిగిన చులకన భావమును నాకు అంతకు మున్నెన్నడును ఎఱుకలేదు. రెండును ఒకే రాత్రి పుట్టిన కవలలు.

కొన్నాళ్లకు సొంత కంప్యూటరు కొని నెట్‌హ్యాక్ పట్టితిని. జే ఫెన్లాసన్ అను నతడు ఉన్నత పాఠశాల విద్యార్థిగా నుండగనే స్నేహితులతో గూడి 1982లో వ్రాసిన హ్యాక్ పలువురి చేతులలో పడి పెరిగి, 1987లో నెట్‌హ్యాక్ అయినది. దాని లోతు అపారము. కాకట్రీస్ అను పక్షిని చంపి, దాని కళేబరమును వట్టి చేతితో ముట్టినవాడు శిలయగును. చేతితొడుగులు తొడిగికొని దానినే ఆయుధముగా పట్టినచో శత్రువులు శిలలగుదురు. అట్లు పట్టుకొని నడచుచు గోతిలో పడినవాడు మఱల తానే శిలయగును. అహల్య కథ తెలిసినవారికి ముచ్చట గొల్పు ఏర్పాటే గాని, ఇట్టివి వందలు. అవన్నియు ఆడి తెలిసికొనుటకు ఒక జన్మము చాలదు. చదివి గాని, తెలిసినవానిని ఆశ్రయించి గాని నేర్వవలెను. నేను చదివి నేర్చితిని. నేర్చినది చాలక, ప్రతి సాయంకాలమును దాచిన ఆటను ఒక ఫ్లాపీలోనికి ఎక్కించి పెట్టుకొనుచుంటిని. చచ్చినప్పుడెల్ల ఆ ఫ్లాపీలోని ప్రాణము మఱల దిగెడిది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణమును చిలుకలో దాచినట్లు నేను నా ప్రాణమును నాలుగు వ్రేళ్ల ప్లాస్టిక్ పలకలో దాచితిని. ఎనిమిది నెలలకు అందలి తాయెత్తును వెలికి తెచ్చితిని. గుండె ఝల్లుమనలేదు. అయినను గెలిచితినని చాటుకొని, పది సంవత్సరములు, క్రొత్తగా ఆడువారిని చూచి నవ్వితిని. ఫ్లాపీ సంగతి నేటివఱకు ఎవరికిని చెప్పియుండలేదు. సంక్రాంతినాడు నా నోరు పెగలక పోవుటకు కారణ మిదియే.

ఇక నీ శంకకు వచ్చెదను. కాఠిన్యము ఒక్క తీరున ఉండదు. మన ఆలంకారికులు కావ్యమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని భేదములు చెప్పిరి గదా; కొబ్బరికాయకు పెంకు గట్టిదైనను కొట్టినవానికి లోపల నీరును కండయు దొరకును గనుకనే దానినొక పాకమనిరి. పెంకు మాత్రమే యుండి లోన కుళ్లినదానిని నారికేళపాకమనిన వారెవరును లేరు. ఆటలోనైనను ఇంతియే. కన్నెదుట నున్నవారు నలుగురు శత్రువులు, చేతనున్నవి తెలియని కషాయములు రెండు, వెనుక నున్నది ఇఱుకు త్రోవ, ఇపుడేమి చేయవలెను? ఇది కాఠిన్యము. ఏ గ్రంథమునను లేని రహస్యము తెలియనందున చచ్చుట వేఱు. అది గుట్టు మాత్రమే. విసుగెత్తువఱకు ఒకే పనిని వందసార్లు చేయించుట వెట్టి. గుట్టును, వెట్టిని కాఠిన్యమని పిలిచి మీసము దువ్వువారు ఈ జాతిలో ఎక్కువ, నేనును వారిలోనివాడనే. లిన్లీ హెంజెల్ వ్రాసిన డంజన్ క్రాల్ అను ఆటను 2006 నుండి స్టోన్ సూప్ పేర పెంచుచున్నవారు ఈ భేదమును బాగుగ గుర్తించిరి. ఆలోచన అక్కఱలేని పని ఏది కనబడినను తొలగించుట వారికి నియమము. ఆకలి యను పురాతన ధర్మమునే తుదకు తీసివైచిరి. కోపించినవారు ఉండిరి. ఆట సులభము మాత్రము కాలేదు.

రోగ్ ఆడు నైపుణ్యమును గొప్పగా తలచుకొనువారికి ఇంకొక మాట. 1980ల తొలినాళ్లలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు రోగ్‌ను తనంతట ఆడు రోగొమాటిక్ అను ప్రోగ్రామును వ్రాసి, అది మంచి ఆటగాండ్రకు దీటుగా ఆడుచున్నదని చూపిరి. దానికి మాత్రము గర్వము లేకుండెను.

ఇక, ఏది రోగ్‌లైక్, ఏది కాదు అను వివాదము. 2008లో బెర్లిన్ నగరమున ఈ ఆటల నిర్మాతలు కూడి లక్షణనిర్ణయ మొకటి చేసిరి. యాదృచ్ఛికముగా ఏర్పడు లోకము, తిరుగులేని మరణము, వంతులవారీ నడక, గళ్ల నేల మొదలైనవి ముఖ్యలక్షణములు. అక్షరములతోనే చిత్రించుట వంటివి అముఖ్యములు. నీవు చెల్లాయిమీద విసరినది ఈ శాస్త్రమునే. కాని, ఈ నిర్ణయము తాము అధ్యయనము చేయుచున్న దేమో తెలిసికొనుటకే గాని నిర్మాతలకు సంకెల వేయుటకు కాదని అందులోనే వ్రాసియున్నది. లక్షణములను కంఠస్థము చేసినవారు ఆ వాక్యమును ఏలనో వదలివేయుదురు. విచిత్రమేమన, అదే 2008 తుదిని డెరెక్ యూ అను నతడు స్పెలంకీ అను ఆటను ఉచితముగా విడుదల చేసెను. వంతులు లేవు, ఉఱుకుట, దుముకుట. బెర్లిన్ కొలతతో కొలిచినచో ఇది వంశమునకు వెలుపలిది. ఐనను ఆ వంశపు నెత్తురు అందఱికంటె చిక్కగా ప్రవహించునది అందే. ప్రతి అంతస్తును నాలుగు వరుసల పదునాఱు గదులుగా విభజించి, ప్రవేశమునుండి నిర్గమము వఱకు ఒక త్రోవ తప్పక యుండునట్లు మొదట కూర్చి, పిమ్మట తక్కిన గదులను నింపును. కారణము తెలియని చావు ఆటగానికి రాదు. గోడలోని బాణపు బోను కంటికి కనబడుచునే యుండును, ముందొక రాయి విసరినచో బాణము దానిమీదికే పోవును. విసరక నడచి చచ్చినవాడు తన చావునకు తానే సాక్షి. నీ ఆటకు నీవు పెట్టుకొనవలసిన పరీక్ష యిదే: చచ్చినవానికి ఎందులకు చచ్చితినో తెలిసినదా, లేదా? తెలిసిన యెడల ఎంత కఠినముగా నున్నను జంకకుము.

పైన చెప్పినది చదివి, కాఠిన్యమంతయు గర్వమే యని వాదించువారి ప్రక్కకు నేను చేరితినని తలచెదవేమో. చేరలేదు. ఆడలేక మద్దెల ఓడనువారు ఎల్లకాలము ఉందురు. వారు కోరినారని మరణమును తీసివైచినచో నీ గుహ ఉత్త సంతవీథి యగును. హేడీస్‌లోని గాడ్ మోడ్‌ను నీవు సరిగ చూడలేదు. అది మొదట నూటికి ఇరువది పాళ్లు దెబ్బను తగ్గించును, చచ్చిన ప్రతిసారియు మఱి రెండు పాళ్లు కూర్చును, ఎనుబదియొద్ద ఆగును. అనగా చావును దొంగిలింపదు, చావునకు చిన్న వేతన మిచ్చును. నా ఫ్లాపీకంటె ఎంత నిజాయితీ గల యేర్పాటు! అటువైపు స్లే ది స్పైర్ అను ఆటలో గెలిచినవారు తమంతట ఎక్కుటకు ఇరువది మెట్లున్నవి. పైకెక్కు మెట్టును ఎవడును పరిహసింపడు, క్రింది మెట్టునే పరిహసించును. నిచ్చెన ఒకటే కదా!

కనుక నీ ఆటలో క్రింది మెట్టు నొకదానిని కట్టుము. ఏమి సడలించుచున్నావో అక్కడనే తేటగా చెప్పుము. దానికి ఎకసక్కెపు పేరు పెట్టకుము. 1992 నాటి వోల్ఫెన్‌స్టైన్ 3డీలో సులభమార్గము నెన్నుకొనినవానికి పసిపాప టోపీ పెట్టిన వీరుని బొమ్మ కనబడును. నేనును అప్పుడు నవ్వితిని. నవ్వుచునే, అది యెన్నుకొనుటకు సిగ్గుపడి, కఠినమార్గమున నాలుగు దినములు విసిగి ఆటనే మానితిని.

ఇదంతయు గ్రాంథికమున వ్రాయు ముసలివాడా నాకు గర్వమును గూర్చి చెప్పునది యని నీవు నవ్వుకొనుచుందువు. వాడుక భాషకై గిడుగువారు మా వంటివారితో పోరాడుటకే ఒక జీవితము వెచ్చించిరి. న్యాయము వారిదే. నాకీ భాష అలవాటు, నా కిష్టము. నీవు వాడుక మాటలలో వ్రాసిన యుత్తరమును మాత్రము ఎన్నడును తప్పుపట్టలేదని సాక్ష్యము చెప్పుము.

మఱొక సంగతి. బ్రయన్ వాకర్ రచించిన బ్రోగ్ ఆటను ఈ మధ్య మొదలుపెట్టితిని. 2009 నాటిది, అక్షరములకు రంగులద్దినవాడు చిత్రకారుడే యనిపించును. నిన్న రాత్రి నాలుగవ అంతస్తున ఒక కోతి నా సంచిలోని మంత్రదండమును లాగుకొని పాఱిపోయినది. పట్టరాని కోపముతో వెంటపడబోవుచుండగా, ప్రక్కన కూర్చుండి చూచుచున్న చెల్లాయి, "వద్దు పెదనాన్నా, ఆ మూలనింకా మనం చూడలేదు" అన్నది. వినలేదు. మూల తిరుగగనే గోబ్లిన్‌ల గుంపు నిలిచియున్నది. దాచిన ప్రతి ఏదియు లేదు. రేపటినుండి మఱల మొదటి అంతస్తు. మీ చెల్లాయి ప్రక్కన కూర్చుండి త్రోవ చెప్పుటకు ఒప్పుకొనినది. నీ ఆట సిద్ధమైన యెడల మొదటి ప్రతిని దానికే పంపుము, నాకు కాదు.

ఇట్లు,
నీ పెదనాన్న