గాజు పూసకు అచ్చు: ఎంపిక, వినియోగం

పూస అనగానే మన తెలుగువారికి ముందుగా స్ఫురించేవి మంగళసూత్రంతోపాటు ధరించే నల్లపూసలు. ఆ చిన్న గుండ్రని పూసలకు అచ్చుతో పని లేదు. కానీ బిళ్ళ ఆకారం, పలక ఆకారం, ఆకు ఆకారం కావాలంటే అచ్చు అవసరమవుతుంది. ఇక్కడ కానింగ్ వేల్‌లో సెలవు దినాలలో గ్యాసు జ్వాల ముందు కూర్చుని పూసలు చేయడం నేర్చుకుంటున్న మిత్రులు కొందరు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ అచ్చు కొనమంటారు?" నేను పూసల కళాకారుణ్ణి కాను, రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి. అందుచేత ఈ ప్రశ్నకు దుకాణం వైపునుంచి కాక గాజు వైపునుంచి సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన చిత్తూరు ప్రాంతంలో, శ్రీకాళహస్తికి దగ్గరలో, పాపానాయుడుపేట అనే గ్రామం ఉన్నది. 2022లో జరిగిన పునర్విభజన తరువాత అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి గాజుపూసల తయారీని 1980వ దశకంలో అమెరికన్ పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ పరిశీలించి ప్రపంచానికి తెలియజేశాడు. 'లాడ' అనే పొడవైన బోలు ఇనుప గొట్టంపై కరిగిన గాజును శంకువులా చుట్టి, కొలిమిలో నిలిపి, దాని కొనను కొక్కెంతో అందుకొని, సన్నని గొట్టంగా చేతులతో లాగుతూ పోయేవారు. ఆ గొట్టాన్ని ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేసినప్పుడు పదునైన అంచులు వాటంతట అవే గుండ్రబడేవి. పుదుచ్చేరి సమీపంలోని అరికమేడు తవ్వకాలలో దొరికిన ప్రాచీన పూసలదీ ఈ లాగుడు పద్ధతే.

అంచులను గుండ్రంగా చేసినది పనివాడి చేయి కాదు, తలతన్యత. వాన చినుకును గుండ్రంగా ఉంచే బలమే అది. అయితే కరిగిన గాజు తలతన్యత నీటి తలతన్యతకు సుమారు నాలుగు రెట్లు. పాపానాయుడుపేట పనివారు ఈ బలాన్ని తమకు సహాయంగా వాడుకున్నారు. అచ్చు వాడేవారు దానికి ఎదురు నిలవాలి. మధ్య ఐరోపాలో, నేటి చెక్ దేశంలోని యాబ్లోనెట్స్ పట్టణ పరిసరాలలో, మెత్తబడిన గాజు కడ్డీ కొనను పటకారు వంటి అచ్చులో నొక్కి పూసలు చేసే పరిశ్రమ పెరిగింది. ఇంటి జ్వాల వద్ద మనం చేసేది ఆ పద్ధతికి చిన్న తమ్ముడు. మట్టి పూత పూసిన స్టీలు పుల్లపై గాజును చుట్టి, అది మెత్తగా ఉండగానే రెండు పలకల అచ్చు మధ్య నొక్కుతాము.

నొక్కడానికి ఎంత వ్యవధి ఉంటుంది? దీనికి స్నిగ్ధత సమాధానం చెబుతుంది. సాధారణ సోడా-సున్నపు గాజు స్నిగ్ధత సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 వేల పాయిజ్. 700 డిగ్రీల ప్రాంతంలో అది దాదాపు 4 కోట్ల పాయిజ్. అంటే 300 డిగ్రీలు చల్లబడేసరికి గాజు నాలుగు వేల రెట్లు బిగుసుకుపోతుంది. అచ్చు చేసే మొదటి పని ఆకారం ఇవ్వడం కాదు, వేడిని లాక్కోవడం. ఆకారం మిగిలిన వ్యవధిలో రావాలి.

ఇక అచ్చు దేనితో చేసినదై ఉండాలి? 900 డిగ్రీల గాజు, 25 డిగ్రీల లోహం సంపూర్ణంగా తాకాయని అనుకుందాం. తాకిన తలం ఉష్ణోగ్రతను రెండు పదార్థాల ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణాల నుంచి లెక్కకట్టవచ్చు. ఇత్తడి, అల్యూమినియం అయితే అది సుమారు 90 డిగ్రీలు. గ్రాఫైట్ అయితే 130. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 170. వాస్తవంలో మధ్య గాలి పొర ఉంటుంది కనుక గాజు చర్మం ఇంతకంటె వేడిగానే ఉంటుంది. కానీ వరుస మాత్రం మారదు. 660 డిగ్రీలకే కరిగే అల్యూమినియం, 900 డిగ్రీల గాజును నొక్కినా ఎందుకు కరగదో కూడా ఈ లెక్కే చెబుతుంది.

నా అభిప్రాయంలో మొదటి అచ్చుగా ఇత్తడిదే మేలు. సూక్ష్మమైన చెక్కడం నిలుస్తుంది, అంచులు త్వరగా అరగవు, బరువు ఉండడం వల్ల పై పలకను మనం బలంగా అదిమే పని తగ్గుతుంది. అల్యూమినియం తేలిక, చవక. గ్రాఫైట్‌కు గాజు అంటుకోదు గాని, కింద పడితే పగులుతుంది, నల్లని పొడి రాలుతుంది. స్టీలు వేడిని నెమ్మదిగా గ్రహిస్తుంది కనుక గాజు కొంచెం ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది. అయితే వరుసగా పది పూసలు నొక్కితే దాని తలం వేడెక్కిపోయి గాజు అంటుకోవడం మొదలవుతుంది. ఏ లోహమైనా గుంట గోడలు పైకి విచ్చుకొని ఉండాలి, పుల్ల కూర్చునే గాడి మీ పుల్ల మందానికి సరిపోవాలి, పై పలక పక్కకు జరగకుండా ఆధారం ఉండాలి. ఒకేసారి డజను అచ్చులు కొనే ఉత్సాహం చాలామందిలో చూశాను. ఒక్క బిళ్ళ అచ్చుతో యాభై పూసలు చేసినవారు, డజను అచ్చులతో నాలుగేసి పూసలు చేసినవారికంటె ఎక్కువ నేర్చుకుంటారు.

అచ్చు కొన్నాక మొదట చేయవలసినది దాని ఘనపరిమాణం కొలవడం. మందు వేసే సిరంజితో కింది గుంటలో నీరు నింపి చూడండి. ఉదాహరణకు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం గల బిళ్ళ అచ్చు తీసుకుందాం. ఒక్కొక్క సగంలో సుమారు 0.66 మిల్లీలీటరు పడుతుంది. రెండూ కలిపి 1.32. అందులో 2.4 మిల్లీమీటర్ల పుల్ల ఆక్రమించే 0.09 తీసివేస్తే మిగిలినది 1.23. ఆరు మిల్లీమీటర్ల గాజు కడ్డీ ఒక సెంటీమీటరు పొడవులో 0.28 మిల్లీలీటరు గాజు ఉంటుంది. కాబట్టి ఈ పూసకు కావలసినది 44 మిల్లీమీటర్ల కడ్డీ. కడ్డీపై ముందే గుర్తు పెట్టుకోండి. గాజు ఎక్కువైతే పలకల సందులోంచి రెక్కలా పొంగుతుంది. తక్కువైతే అంచులు నిండవు, ఎంత అదిమినా ప్రయోజనం ఉండదు.

చుట్టేటప్పుడు గాజును గుంట పొడవుకంటె కొంచెం తక్కువగా పీపా ఆకారంలో పేర్చండి. తరువాత లోపలి వరకు సమంగా వేడి చేయాలి. జ్వాలలోంచి తీసిన వెంటనే నొక్కకండి. పై తళుకు కొంచెం తగ్గి, వేడి లోపలా బయటా సమం కావడానికి రెండు క్షణాలు ఆగండి. ముందు పుల్ల గాడిలో కూర్చోవాలి, ఆ తరువాతే పై పలక దిగాలి. పుల్ల వంకరగా ఉండగా అదిమితే మట్టి పూత చిట్లి, పూస పుల్లకు అతుక్కుపోతుంది. ఒక సెకను స్పర్శలో చలి గాజులోకి సుమారు 0.7 మిల్లీమీటరు లోతుకు వెళుతుంది. నాలుగు సెకన్లలో దానికి రెట్టింపు. అందుచేత ఒక్కసారి గట్టిగా, చాలాసేపు అదమడం కంటె, తేలికగా సెకనుసేపు నొక్కి, మళ్ళీ వేడి చేసి, పూసను తిప్పి మరొకసారి నొక్కడం ఉత్తమం. నొక్కిన తలంపై కనిపించే సన్నని ముడతలు చలి మచ్చలు. పలుచని జ్వాలలో కొద్దిసేపు తిప్పితే పోతాయి. అంతకు మించి తిప్పారా, తలతన్యత తన పని తాను చేసుకుపోతుంది. మీ ఆకు మళ్ళీ గోళీ అవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. అచ్చులో నొక్కిన పూస చర్మం ముందు బిగుస్తుంది, గర్భం తరువాత బిగుస్తుంది. ఈ తేడా పూస లోపల ప్రతిబలంగా నిలిచిపోతుంది. చూడడానికి చక్కగా ఉన్న పూస వారానికో, ఆరు నెలలకో పిల్ల మెడలో ఉండగా రెండు ముక్కలు కావచ్చు, ఆ ముక్క అంచు కత్తివంటిది. దీనికి మందు మందశీతలీకరణం. మురానో సంప్రదాయపు మెత్తని గాజును సుమారు 510 డిగ్రీల విద్యుత్ కొలిమిలో గంటసేపు ఉంచి, ఆపై నెమ్మదిగా చల్లార్చాలి. వేడి వర్మిక్యులైట్‌లో పాతిపెట్టడం చల్లబడే వేగాన్ని కొంత తగ్గిస్తుంది గాని, కొలిమికి సాటి రాదు. ఇతరులకు కానుకగా ఇచ్చే పూసను కొలిమిలో పెట్టకుండా ఇవ్వకూడదని నా మాట. పారదర్శకమైన పూసను రెండు ధ్రువణ ఫలకాల మధ్య, ఫలకాలు అడ్డంగా ఉండేలా పెట్టి దీపం వైపు చూస్తే, ప్రతిబలం ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది.

గాజులను కలపడంలోనూ ఇదే ప్రమాదం. మురానో గాజు వ్యాకోచ గుణకం డిగ్రీకి కోటిలో 104 భాగాలు. సీసా, కిటికీ గాజులది 90 ప్రాంతంలో ఉంటుంది. ఈ రెండూ అతికి 480 డిగ్రీలు చల్లబడితే పుట్టే ప్రతిబలం సుమారు 47 మెగాపాస్కళ్ళు. మామూలు గాజు పగలడానికి అంత చాలు. కొలిమిలో ఎంతసేపు ఉంచినా ఈ దోషం పోదు.

మన పెరళ్ళలోని బూడిదరంగు ఇసుకతో గాజు చేయవచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. కానింగ్ వేల్ కింద ఉన్న బాసెండీన్ ఇసుక ప్రధానంగా సిలికాయే. కానీ సోడా కలపకపోతే అది కరగడానికి 1700 డిగ్రీలు కావాలి. గరాజులో సాధ్యం కాదు, కడ్డీలు కొనుక్కోవడమే మార్గం.

జ్వాల ముందు డిడీమియం కళ్ళద్దాలు తప్పనిసరి. సోడియం వెలువరించే 589 నానోమీటర్ల పసుపు కాంతిని అవి అడ్డుకుంటాయి, లేకపోతే గాజు అసలు రంగే కనిపించదు. గాలి ఆడే చోటనే కూర్చోండి. మన వేసవిలో సంపూర్ణ అగ్ని నిషేధం ప్రకటించిన రోజున ఆరుబయట జ్వాల వెలిగించవద్దు. చల్లారిన పూసలోంచి మట్టి పూతను నీటిలో ముంచి మాత్రమే గీకండి. పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.