గుండె ఆగితే మనమేం చేయాలి?

మాది చాట్రాయి. మామిడి తోటల ఊరు. నిరుడు కాయ కోసే రోజుల్లో మా పక్క తోటలో ఒక కూలీ మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి పడిపోయాడు. ఫ్యూజులు పీకి పదిమందిమి చుట్టూ మూగాం. ఒకరు మొహాన నీళ్ళు చల్లారు, ఒకరు అరికాళ్ళు రుద్దారు. "గురక వస్తోందిరా, ప్రాణం ఉంది" అన్నాడు మా బాబాయి. ఆటో వచ్చేసరికి ఆ గురకా ఆగిపోయింది. మనిషి దక్కలేదు.

నేను బి.యస్సీ. చదువుతున్నాను. గుండె బొమ్మ గీసి నాలుగు గదులూ గుర్తించగలను. కాని ఆ రోజు నా చేతులకు ఏం చేయాలో తెలియలేదు. తరువాత తెలుసుకున్నది తోటి విద్యార్థులకు చెబుదామనే ఈ వ్యాసం.

గుండె ఆగిన క్షణానే మనిషి పోడు. రక్తంలో కొంత ప్రాణవాయువు మిగిలే ఉంటుంది. దాన్ని మెదడుకు చేర్చే పంపు మాత్రమే ఆగింది. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు కణాలు దెబ్బతినసాగుతాయి. అందాకా ఆగకుండా పంపును మన చేతులతో నడపడమే సి.పి.ఆర్. ఛాతీ కోయకుండానే ఇది సాధ్యమని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించారు. వారిలో ఒకరైన కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. షాకుతో చనిపోయే లైనుమెన్లను కాపాడాలనే ఆయన పరిశోధన మొదలైంది.

చేసే పద్ధతి ఇది. ముందు కరెంటు ఆపాలి. ఆపనిదే మనిషిని ముట్టరాదు. భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే గుండె ఆగినట్లే భావించాలి. ఆగి ఆగి గురకలా వచ్చేది ఊపిరి కాదు. మేము మోసపోయింది అక్కడే. ఒకరు వెంటనే 108కి ఫోను చేయాలి. మనిషిని నులక మంచం మీద కాక గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము మధ్య ఎముక కింది సగం మీద అరచేతి దిగువ భాగం ఆనించి, పైన రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనుషులు మారాలి. నోట్లో నీళ్ళు పోయరాదు.

శిక్షణ లేనివారు నోటితో ఊపిరి ఊదనక్కరలేదు, నొక్కితే చాలు. నూతిలో మునిగినవారికి, పసిపిల్లలకు మాత్రం ఊపిరి ఊదడం ముఖ్యం. 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున అది నేర్చుకుని చేయవలసిన పని.

పక్కటెముక విరుగుతుందేమోనని కొందరి భయం. విరిగిన ఎముక అతుకుతుంది, పోయిన ప్రాణం రాదు. ఇది చేస్తే అందరూ బతుకుతారని కాదు. చేయకపోతే ఆ కాస్త ఆశా ఉండదు.

మన సంఘం వారు ఒక్క పూట డాక్టరును పిలిపించి, బొమ్మ మీద అందరి చేతా చేయించాలని నా మనవి. మళ్ళీ కాయ కోతలు వచ్చేలోగా మనలో ప్రతి ఒక్కరమూ మన ఊళ్ళో నలుగురికి నేర్పుదాం.