ప్రతి ఏడూ అదే కథ, మళ్ళీ ఎందుకు వినాలి?

చాతుర్మాస్యం వీడియోలో, యతులు ఒకేచోట ఉండి ప్రవచనాలు చెప్పడం గురించి మాట్లాడుకున్నాం కదా. అక్కడ ఒక ప్రశ్న మిగిలిపోయింది. కృష్ణాష్టమి ప్రతి ఏడూ వస్తుంది, అదే కథ వింటాం. ఎప్పుడో జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ వింటే మనలో ఏం మారుతుంది?

దాదాపు 900 ఏళ్ళ కిందట ఫ్రాన్స్‌లో ఒక కథోలిక మఠాధిపతి దీనికి మంచి జవాబు చెప్పారు. ఆయన పేరు బెర్నార్డ్ (1090–1153). 1115లో క్లేర్వో అనే చోట మఠం మొదలుపెట్టారు. పొలం పని, మౌనం, ప్రార్థన, ఇదే అక్కడి జీవితం. సన్యాసులంతా రోజూ ఒక గదిలో చేరి, తమ నియమ గ్రంథంలోంచి ఒక అధ్యాయం చదివించుకుని వినేవాళ్ళు. అందుకే ఆ గదికి చాప్టర్ అనే పేరు పడింది. పెద్ద పండగలకి మఠాధిపతి ప్రసంగించేది అక్కడే.

వాళ్ళ పూజా సంవత్సరం జనవరి 1న మొదలవదు. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. దాన్ని ఆగమన కాలం అంటారు. అంటే ఏడాది మొదలయ్యేదే ఎదురుచూపుతో! కానీ క్రీస్తు ఎప్పుడో పుట్టేశాడు కదా, ఇంకా ఎవరికోసం ఎదురుచూడటం?

బెర్నార్డ్ చెప్పింది ఇదీ: రాకలు మూడు. మొదటిది శరీరంతో వచ్చిన రాక, అది అయిపోయింది. చివరిది మహిమతో రాబోయే రాక. ఆ రెండూ లోకమంతటికీ కనబడేవే. వాటి మధ్య ఇంకొకటి ఉంది, అది గుట్టుగా మనిషి లోపల జరిగేది. మొదటి రాక నుంచి చివరిదాకా నడిపించే దారి అదేనట. పండగ మళ్ళీ రావడం ఆ మధ్య రాక కోసమే అని నాకు అర్థమైంది.

మరి అది జరిగేదెలా? ఆయన ఇచ్చిన పోలిక మన అమ్మమ్మలు చెప్పినట్టే ఉంటుంది. రొట్టె పెట్టెలో దాచుకుంటే దొంగ ఎత్తుకుపోవచ్చు, ఎలుక కొరకొచ్చు, బూజు పట్టొచ్చు. తినేస్తే ఆ భయం లేదు. దేవుడి మాటా అంతే, జ్ఞాపకంలో దాచుకుంటే చాలదు, ఒంటికి పట్టాలి. (మనం సేవ్ చేసి మళ్ళీ తెరవని ప్రవచనాలు ఎన్ని ఉన్నాయో!)

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇంత మృదువుగా మాట్లాడిన ఈయనే 1146లో రెండో క్రూసేడ్ యుద్ధానికి జనాన్ని పిలిచారు. ఆయన ప్రసంగాలు చదువుతున్నప్పుడు అది నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

ఒంటికి పట్టించుకునే పద్ధతి మాత్రం ఆయనకంటే పాతది. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన 73 అధ్యాయాల నియమావళినే క్లేర్వోలోనూ పాటించేవాళ్ళు. అందులో ఈస్టర్‌కి ముందు వచ్చే కాలం గురించి ఒక అధ్యాయం ఉంది. మన తెలుగు కథోలికులు ఆ కాలాన్ని తపస్కాలం అంటారు, ఎంత చక్కని మాటో చూడండి. నిజానికి సన్యాసి ఏడాదంతా అలాగే ఉండాలి, ఆ శక్తి కొద్దిమందికే ఉంటుంది గనక కనీసం ఈ రోజుల్లోనైనా ఉండమంటాడు బెనెడిక్ట్. తిండో, నిద్రో, కబుర్లో, ఎవరికి వాళ్ళు ఇష్టంగా కొంత తగ్గించుకోవాలి. అయితే ఏం వదులుతున్నారో మఠాధిపతికి చెప్పి అనుమతి తీసుకోవాలి. చెప్పకుండా చేస్తే అది తపస్సు కాదు, గొప్పలకి పోవడం. అయ్యప్ప మాల గురుస్వామి చేతుల మీదుగా వేసుకున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇంకో నియమం నాకు మరీ ఇష్టం. తపస్కాలం మొదట్లో ఒక్కొక్కరికీ ఒక పుస్తకం ఇస్తారు. మొదటినుంచి చివరిదాకా వరసగా చదవాలి, మధ్యలో దూకకూడదు. చదివే వేళల్లో ఒకరిద్దరు పెద్దవాళ్ళు మఠమంతా తిరుగుతారు, ఎవరైనా పుస్తకం పక్కన పడేసి కబుర్లలో పడ్డారేమో చూడటానికి.