ఇ2లో ఆగాల్సిన బంటు

అల్లుడూ,

కడప టోర్నమెంటు ఆఖరి రౌండు స్కోరుషీటు ఫొటో చూసినాను. గెలిచే ఆట డ్రా అయిందని రాత్రి అన్నం తినలేదంట, ఇంక ఆడనన్నావంట. మీ అమ్మ చెప్పింది. ఏనుగులు మార్చుకునే చెడిందని నీ అనుమానం. ఆ మార్పిడిలో తప్పేం లేదబ్బీ. తప్పు అంతకుముందే జరిగింది.

బోర్డు పరిచి చూడు. నీ రాజు ఇ4, బంటు ఇ3, అవతలి రాజు ఇ6, ఎత్తు నీది. నువ్వు ఎటు జరిగినా అతను ఎదురొచ్చి నిలబడతాడు, డ్రానే. అదే ఎత్తు అతనిదైతే రాజు తప్పుకోక తప్పదు, నీ రాజు ముందుకు పోతుంది, బంటు మంత్రి అవుతుంది. ఇప్పుడు బంటును ఇ2లో పెట్టు. ఇ3 అని ఒక్క ఎత్తు వేస్తే చాలు, వంతు అతని మీద పడుతుంది. ఆ ఎత్తును నువ్వు ఏనుగులు ఉండగానే, ఏ అవసరమూ లేకుండా వాడేసినావు. ఇంట్లో విత్తనపు కాయలు ఉన్నాయని మన మెట్టచేలల్లో పదును కాకముందే విత్తుతామా? బంటు వెనక్కి రాదు గదా.

అప్పటికి నీ గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయంట. నాకు బాధ అక్కడే. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచకప్పు ఫైనల్. కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ క్లాసికల్ ఆటలు రెండూ డ్రా. ర్యాపిడ్ రెండో ఆటలో టైము చాలక హంపి ఓడిపోయింది. అంతటామె టైము లేక ఓడింది. నువ్వు టైము పెట్టుకుని తొందరపడినావు.

ఆడను అనే మాట మాత్రం వద్దు. అదే హంపి 2024 డిసెంబరులో న్యూయార్కులో ప్రపంచ ర్యాపిడ్ మొదటి రౌండే ఓడి, 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిలు గెలిచింది. 2019 మాస్కో తర్వాత అది రెండోసారి. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు.

మంత్రులు మారినాక ప్రతి బంటు ఎత్తుకు ముందు చేతులు బల్ల కింద పెట్టుకో. ఎత్తు వేసినాక స్కోరుషీటులో పక్కనే మిగిలిన టైము కూడా రాయి, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎక్కడ తొందరపడుతున్నావో నీకే తెలుస్తుంది. ఆ ఎదుటి పిల్లోడు మీ ఊరివాడేనంట గదా, పిలిచి ఇద్దరూ ఆ ఆట మళ్లీ ఆడి చూడండి. అతను ఇ6కు ఎట్లా చేరినాడో అడుగు, ఆదివారం ఫోనులో నాకు చెప్పు.

మీ మామ