చిన్న బండి – పెద్ద బండి: ఏది బలమైనది?

బండ్ల ముచ్చట వస్తే మనలో రెండు జట్లు అవుతయి. ఒక జట్టు ఆర్‌ఎక్స్ హండ్రెడ్ అంటది, ఇంకో జట్టు బుల్లెట్ అంటది. అరుచుకుంటే తేలదు, లెక్క వేస్తే తేలుతది. రండి, వేద్దాం.

యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ జపాన్ బండి. మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగింది. ఇంజను 98 సి.సి., శక్తి 11 అశ్వశక్తులు, బరువు సుమారు 103 కిలోలు.

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులో. 1955 నుండి మద్రాసులో తయారవుతున్నది. పాత బుల్లెట్ ఇంజను 346 సి.సి., శక్తి 18 అశ్వశక్తులు, బరువు సుమారు 165 కిలోలు.

ఇప్పుడు శక్తిని బరువుతో భాగించి 100తో గుణించండి. 100 కిలోలకు చిన్నదానికి 10.7, పెద్దదానికి 10.9 అశ్వశక్తులు వస్తయి. అంటే దాదాపు సమానమే!

మరి చిన్న బండి ఎందుకు ఎగిరి దుంకినట్టు ఉరుకుతది? అది టూ స్ట్రోక్ ఇంజను. క్రాంకు తిరిగిన ప్రతిసారీ పెట్రోలు మండుతుంది. బుల్లెట్‌లో రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. పైగా దాని ఫ్లైవీలు బరువైనది, వేగం అందుకోవడానికి టైం పడుతది. కానీ అదే ఫ్లైవీలు బురదలో, ఎత్తులో ఇంజను ఆగిపోకుండా కాపాడుతది. ఒకటి కోడె, ఇంకొకటి దున్నపోతు అనుకోండి.

కార్లలోనూ ఇదే సంగతి. 1989లో వచ్చిన జపాన్ కారు మాజ్డా ఎంఎక్స్-5 సుమారు 960 కిలోలు, 116 అశ్వశక్తులు. ఆనాటి అమెరికా కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సుమారు 1500 కిలోలు, 225 అశ్వశక్తులు. 100 కిలోలకు మొదటిదానికి 12, రెండోదానికి 15. తిన్నని రోడ్డు మీద మస్టాంగ్ ముందుంటది. మలుపుల దారిలో తేలిక బండిని తిప్పడం, ఆపడం సులువు.

అసలు పాఠం ఇక్కడున్నది. 50 కిలోల మనిషి ఒక్కడు ఎక్కితే ఆర్‌ఎక్స్‌కు 7.2, బుల్లెట్‌కు 8.4 మిగులుతయి. ముగ్గురు ఎక్కితే 4.3, 5.7 మాత్రమే. తేలిక బండికి తేలికతనమే బలం. మనం బరువెక్కితే ఆ బలం సగం కూడా మిగలదు.

బ్రేకు సంగతి ఇంకా ముఖ్యం. ఒక్కరున్నప్పుడు బండితో కలిపి 153 కిలోలు, ముగ్గురైతే 253. అదే వేగంలో గతిశక్తి ఒకటిన్నర రెట్లు దాటుతది. బ్రేకు మాత్రం పెరగదు. వేగం రెట్టింపు అయితే గతిశక్తి నాలుగు రెట్లు. అందుకే 1988 మోటారు వాహనాల చట్టం నడిపే మనిషి వెనుక ఒక్కరినే కూర్చోనిస్తది. తొర్రూరు రోడ్డు మీద ఒక్క బండిపై ముగ్గురు పోవుడు మనం చూస్తనే ఉంటం. పండుగ సెలవులకు తండాకు తీసుకపోను అన్న బండి తెస్తే, వెనుక ఒక్కరే కూర్చోండి. రెండో తమ్ముడు బస్సుకు రావాలె.

చేసి చూడండి: 50 కిలోల మనుషులు ఇద్దరు ఎక్కితే 100 కిలోలకు ఎన్ని అశ్వశక్తులు?
(జవాబు: ఆర్‌ఎక్స్‌కు 5.4, బుల్లెట్‌కు 6.8)